అన్నగారి గుమాస్తా

ఈ ప్రత్యేక సంచికకు గతించిన ప్రముఖులలో ఒకరి జీవితం గురించి రాయవలసిందిగా మన సంఘం సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, మహాత్ముల గురించి రాయడానికి నాకంటె యోగ్యులు మనలో చాలామంది ఉన్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా గుమాస్తాగిరీ చేసినవాడిని కనుక ఒక గుమాస్తా గురించి రాస్తే న్యాయంగా ఉంటుందనిపించింది. ఆయన పేరు మీలో చాలామంది వంటింట్లో ఏదో ఒక అరలో, అట్టపెట్టె మీద ఎర్రటి వాలు అక్షరాలలో ఉండే ఉంటుంది. షుగరు వచ్చింది, ఇడ్లీలు తగ్గించండి అని డాక్టరు అన్నప్పుడో, మనవలు బడి బస్సు తొందరలో ఉన్నప్పుడో ఆ పెట్టె కిందికి దించుతాము. ఆ అక్షరాలు అచ్చు అక్షరాలు కావు, ఒక మనిషి సంతకం. ఆయన విల్ కీత్ కెల్లాగ్. కార్న్ ఫ్లేక్స్ కంపెనీ పెట్టకముందు ఆ మనిషి పాతికేళ్ళు సొంత అన్నగారి దగ్గర లెక్కలు రాశారు.

విల్ 1860 ఏప్రిల్ 7న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బాటిల్ క్రీక్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి జాన్ ప్రెస్టన్ కెల్లాగ్‌కు చీపుళ్ళు కట్టే కర్మాగారం ఉండేది. సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘానికి చెందిన కుటుంబం. క్రీస్తు రెండవ రాకడ ఎంతో దూరం లేదని ఆ రోజుల్లో ఆ సంఘంవారు గట్టిగా నమ్మేవారు కనుక, పిల్లలకు పెద్ద చదువులెందుకన్నది తండ్రి అభిప్రాయం. విల్‌కు బడిలో మందమతి అని పేరు. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక జవాబు చెప్పలేకపోయేవాడు. తనకు హ్రస్వదృష్టి ఉన్నదని ఇరవై ఏళ్ళ వయసుకు గాని తెలియలేదు. పదమూడేళ్ళకే బడి మానేసి, పద్నాలుగేళ్ళకు చీపుళ్ళు పట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. 1879లో టెక్సాస్ దాకా వెళ్ళి అక్కడొక చీపుళ్ళ కర్మాగారం నడపడానికి సాయపడ్డాడు. తిరిగివచ్చి కలమజూలో ఒక వాణిజ్య కళాశాలలో చేరి, లెక్కల పద్దులు రాసే కోర్సును కొద్ది నెలల్లోనే ముగించాడు.

విల్ కంటె ఎనిమిదేళ్ళు పెద్దవాడైన అన్న జాన్ హార్వే కథ వేరు. సంఘం పెద్దలు ఆయన తెలివితేటలు గుర్తించి న్యూయార్కు పంపి వైద్యం చదివించారు. 1876లో, ఇరవై నాలుగేళ్ళకే, సంఘంవారి ఆరోగ్యాశ్రమానికి అధిపతి అయ్యారు. దానికి బాటిల్ క్రీక్ శానిటేరియం అని పేరు పెట్టి ప్రపంచ ప్రసిద్ధం చేశారు. మాంసం లేదు, కాఫీ టీలు లేవు, పొగాకు లేదు, సారా లేదు. నీటి చికిత్సలు, వ్యాయామాలు, ధాన్యాలు, కాయగూరలు, గింజలు. కోటీశ్వరులు డబ్బిచ్చి మరీ వచ్చి ఆకులూ గింజలూ తిని వెళ్ళేవారు. తెల్లని సూటు, తెల్లని గడ్డం, అనర్గళమైన ఉపన్యాసం డాక్టరుగారి గుర్తులు. సొంత సంతానం లేదు గాని, భార్యాభర్తలిద్దరూ నలభైమందికి పైగా పిల్లలను చేరదీసి పెంచారు. గొప్పవారే. అయితే తరువాతి కాలంలో జాతుల మేలు పేరిట మనుషులను ఎక్కువ తక్కువలుగా చూసే ప్రచారానికి కూడా ఆయన తన పేరూ డబ్బూ పెట్టారు. ఆ సంగతి దాచి రాయడం నాకిష్టం లేదు.

1880లో విల్ అన్నగారి దగ్గర ఉద్యోగంలో చేరారు. ఏ ఉద్యోగం అంటే చెప్పడం కష్టం, ఎందుకంటే చాలా ఏళ్ళ వరకు ఆయనకు హోదా పేరంటూ ఏదీ లేదు. జమాఖర్చులు ఆయనే రాయాలి. వచ్చిన ఉత్తరాలకు జవాబులు, డాక్టరుగారి పుస్తకాల ప్రచురణ, ఆహారపదార్థాల ప్యాకింగు, పోస్టు పార్శిళ్ళు, రోగుల ఫిర్యాదులు, బిల్లు కట్టని వారి వెంటపడడం, ఎవరైనా కాలం చేస్తే అంతిమ ఏర్పాట్లు అన్నీ ఆయనవే. డాక్టరుగారు సైకిలు మీద ఆవరణలో చుట్లు కొడుతూ ఉంటే, విల్ నోటు పుస్తకం పట్టుకుని పక్కనే పరుగెత్తుతూ ఆజ్ఞలు రాసుకునేవారని ఆ ఊళ్ళో కథగా చెప్పుకున్నారు. స్నానాలగదిలో ఉండి కూడా డిక్టేషను ఇచ్చేవారట. జీతం మాత్రం కుటుంబం గడవడానికి చాలీ చాలనంత. శలవన్నది ఏళ్ళ తరబడి లేదు. మన సర్వీసులో ఎంత కష్టపడినా ఏడాదికొక ఇంక్రిమెంటు, ఐదేళ్ళకో పదేళ్ళకో ఒక పి.ఆర్.సి. ఉండేవి. సొంత అన్న దగ్గర నౌకరీ చేసేవాడికి సర్వీసు రూల్సు ఉండవు, సంఘమూ ఉండదు.

ఇక ఫలహారాల సంగతి. ఆ కాలపు అమెరికావారు పొద్దున్నే పందిమాంసం, గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు తిని అజీర్తితో బాధపడేవారు. గంజి కాచుకోవాలంటే పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడాలి. పొయ్యి వెలిగించకుండా తినగలిగే మొదటి ధాన్య ఫలహారాన్ని 1863లో న్యూయార్కు రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో జేమ్స్ కేలెబ్ జాక్సన్ అనే వైద్యుడు తయారుచేశారు. పేరు గ్రాన్యూలా. పొట్టు తీయని గోధుమపిండి ముద్దను పలకలుగా కాల్చి, విరిచి, మళ్ళీ కాల్చి, పొడిగా విసిరేవారు. మన రస్కు కూడా రెండుసార్లు కాల్చేదే గాని, గ్రాన్యూలా రస్కుకు తాతలాంటిది. రాత్రంతా పాలలో నానబెడితేగాని పన్ను దిగేది కాదు. ఈనాడు ఆ పేరు గల పదార్థం ఏ కొట్లోనూ దొరకదు.

డాక్టరు కెల్లాగ్ గోధుమ, ఓట్సు, మొక్కజొన్న పిండులతో అలాంటిదే చేసి, నిస్సంకోచంగా గ్రాన్యూలా అనే పేరే పెట్టుకున్నారు. జాక్సన్ కోర్టుకు లాగుతాననేసరికి ఒక అక్షరం మార్చి గ్రానోలా అన్నారు. ఈ రోజుల్లో సూపరు బజార్లలో దొరికే గ్రానోలాకు దానికి పేరు తప్ప వేరే సంబంధం లేదు. పాతది మరుగున పడిపోయాక, ఎన్నో దశాబ్దాల తరువాత వేరెవరో ఆ పేరు తీసుకున్నారు.

ఒక ముసలమ్మ ఎండురొట్టె కొరికి కట్టుడు పన్ను విరగ్గొట్టుకుని డాక్టరుగారిని పది డాలర్లు అడిగిందనీ, అప్పటినుంచీ మెత్తని ఫలహారం కోసం ఆలోచన మొదలైందనీ చెబుతారు. పగలంతా ఆసుపత్రి పని, రాత్రిళ్ళు వంటశాలలో ప్రయోగాలు. అన్న ఆలోచన, తమ్ముడి చేతులు. డాక్టరుగారి భార్య ఎల్లా ఈటన్ కూడా ఆ వంటశాలలో చాలా పనిచేశారు. గోధుమలు ఉడకబెట్టి రోలర్ల మధ్య నలిపితే జిగురు ముద్ద వచ్చేది. 1894లో ఒకసారి ఉడికిన గోధుమలు అలాగే మిగిలిపోయి, చాలాసేపటి తరువాత రోలర్లలో వేసి చూస్తే ఒక్కొక్క గింజ ఒక్కొక్క పలుచని రేకుగా రాలింది. గింజ లోపలి తడి అంతటా సమంగా పరుచుకోవడానికి వ్యవధి దొరకడమే అందులోని కిటుకు. అటుకులు తెలిసిన మనకు ఇది పెద్ద ఆశ్చర్యం కాదు. వడ్లు నానబెట్టి, వేయించి, వేడి మీద ఉండగానే దంచి రేకు చేయడం మన అమ్మమ్మలకు పేటెంటు లేకుండానే తెలుసు. డాక్టరుగారు మాత్రం పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1896 ఏప్రిల్ 14న మంజూరు అయింది, ఒక్క డాక్టరుగారి పేరు మీదనే. ఆ రేకులను పొడి చేసి వడ్డిద్దామని అన్న అంటే, రేకులుగానే ఉంచుదామని పట్టుబట్టింది తమ్ముడేనని చెబుతారు.

ఆ గోధుమ రేకులను గ్రనోస్ అనే పేరుతో శానిటేరియం రోగులకు, పోస్టు ద్వారా పాత రోగులకు అమ్మేవారు. అదీ ఇప్పుడు లేదు. దానిని బజారులోకి తీసుకువెళ్ళి పెద్దఎత్తున అమ్ముదామని విల్ అడిగినప్పుడల్లా డాక్టరుగారు ఒప్పుకోలేదు. వైద్యుడు వ్యాపారి అయితే మర్యాద పోతుందని ఆయన భయం. పోనీ కిటుకైనా గుప్తంగా ఉంచారా అంటే అదీ లేదు. చూడవచ్చిన వారందరికీ వంటశాల తలుపులు తీసే ఉండేవి.

అలా చూసిపోయిన వారిలో ఒకరు సి. డబ్ల్యు. పోస్ట్. 1891లో చక్రాల కుర్చీలో రోగిగా శానిటేరియానికి వచ్చారు. నయం కాలేదు గాని, వంటశాలను బాగా గమనించారు. 1895లో కాఫీకి బదులుగా పోస్టమ్ అనే ధాన్యపు పానీయం, తరువాత గ్రేప్ నట్స్ అనే ఫలహారం పెట్టి కొద్ది ఏళ్ళలోనే కోటీశ్వరుడయ్యారు. గ్రేప్ నట్స్‌లో ద్రాక్షా లేదు, గింజపప్పూ లేదు, గోధుమా బార్లీ మాత్రమే. ఆ విజయం చూసి దేశం నలుమూలల నుంచీ జనం బాటిల్ క్రీక్ మీద పడ్డారు. 1900 నుంచి ఐదారేళ్ళపాటు ఆ చిన్న ఊళ్ళో పదులకొద్దీ ఫలహారాల కంపెనీలు లేచాయి. గుడారాల్లో కూడా రేకులు కాల్చారట. షేర్లు అమ్ముకుని రాత్రికి రాత్రే మాయమైనవారూ ఉన్నారు. మన ఊళ్ళల్లో ఫైనాన్సు కంపెనీలు బోర్డులు కట్టిన రోజులు చూసినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పేర్లు చదువుతుంటే నాకు ముచ్చటగానూ ఉంటుంది, జాలిగానూ ఉంటుంది. మాల్టా వీటా అని మాల్టు కలిపిన గోధుమ రేకులు. ట్రైయబిటా అని సెలరీ అనే ఆకుకూర రుచి పట్టించిన రేకులు. పేరుకు అర్థం కాస్త తిని చూడు అని. తిని చూసినవారు మళ్ళీ కొనలేదు. ఎగ్ ఓ సీ అని ఒకటి. ఓహైయోలోని ఏక్రన్ పట్టణంవారు తమ ఊరి పేరు వెనుకనుంచి చదివి నోర్కా అని పెట్టారు. కార్న్ క్రిస్ప్ అని మొక్కజొన్నతో చేసినది ఒకటి వచ్చింది. మొక్కజొన్న మొలకభాగంలో నూనె ఉంటుంది, అది తీసేయకుండా రేకులు చేస్తే కొట్లో అరల మీదనే ముక్కిపోతాయి. ఆ కంపెనీకి జరిగింది అదే. బఫెలో నగరం నుంచి ఫోర్స్ అనే గోధుమ రేకులు వచ్చాయి. సన్నీ జిమ్ అనే పొడుగాటి పిలక జుట్టు బొమ్మతో 1902 నుంచి దేశమంతా దాని పాటే పాడిందట. అంత పేరు వచ్చినా అమెరికాలో నిలబడలేదు. ఇంగ్లండులో మాత్రం వందేళ్ళకు పైగా అమ్మి 2013లో ఆపేశారు.

అన్నిటికంటె విచిత్రం పోస్ట్ గారి ఎలైజాస్ మన్నా. 1904లో మొక్కజొన్న రేకులకు ఏలీయా ప్రవక్త పేరు పెట్టి, పెట్టె మీద ఆయన బొమ్మ, పక్కన కాకి వేయించారు. పాదిరీలు భగ్గుమన్నారు. బ్రిటన్‌లో ఆ పేరు రిజిస్టరు చేయడానికే నిరాకరించారు. నాకు బైబిలు తెలిసిన సహోద్యోగి ఒకరు చెప్పిన ప్రకారం అసలు మన్నా కురిసింది మోషే కాలంలో, ఏలీయాకు ఆహారం తెచ్చింది కాకులు. పేరులోనే పొరపాటు. 1908లో దాన్ని పోస్ట్ టోస్టీస్‌గా మార్చగానే బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. రేకులు అవే, పేరే మారింది.

ఇదంతా విల్ కళ్ళ ముందు జరుగుతున్నది. తాను కాల్చిన రేకులు ఎవరెవరికో మేడలు కట్టిస్తున్నాయి, తాను మాత్రం అన్నగారి చిట్టాలు కూడుతున్నారు. 1902 ఫిబ్రవరి 18న శానిటేరియం కాలి బూడిద అయింది. మళ్ళీ కట్టించే పనిలో, డబ్బు పోగుచేసే పనిలో తమ్ముడే అక్కరకు వచ్చారు. మొక్కజొన్న రేకులు 1898లోనే తయారయ్యాయి గాని మొదట్లో అవీ దళసరిగా ఉండి నిలవ ఉండేవి కావు. మొలక తీసేసిన నూకతో, మాల్టు చేర్చి, పలుచగా నలిపి వేయించే పద్ధతిని విల్ ఏళ్ళ తరబడి సరిచేస్తూ వచ్చారు. అన్నగారు యూరపులో ఉన్నప్పుడు పంచదార కూడా చేర్చారని, డాక్టరుగారు తిరిగివచ్చి మండిపడ్డారని అంటారు. ఆయన లెక్కలో పంచదార విషంతో సమానం. ఈ ఒక్క విషయంలో షుగరు వ్యాధి ఉన్న నేను డాక్టరుగారి పక్షం.

చివరికి 1906 ఫిబ్రవరి 19న, సెయింట్ లూయిస్‌కు చెందిన బోలిన్ అనే భీమా వ్యాపారి పెట్టుబడితో, బాటిల్ క్రీక్ టోస్టెడ్ కార్న్ ఫ్లేక్ కంపెనీ పుట్టింది. విల్‌కు నలభై ఆరేళ్ళు నిండబోతున్నాయి. మన సర్వీసు రోజుల లెక్కన రిటైర్మెంటుకు పన్నెండేళ్ళు మిగిలి ఉన్న వయసు. పనివారు నలభై నలుగురు. సంపాదించి దాచినది లేదు, తలలో నెరుపు వచ్చింది, పోటీదారులు అప్పటికే కోట్లలో ఉన్నారు. ఆ వయసులో నేనైతే జి.పి.ఎఫ్. లోను పెట్టి ఇంటికి పైఅంతస్తు వేయడానికే రెండేళ్ళు ఆలోచించాను.

అన్నగారికి వాటాలు ముట్టాయి. డాక్టరుగారు వాటిలో కొన్నింటిని శానిటేరియం వైద్యులకు జీతాల సర్దుబాటు కింద పంచిపెట్టారు. చప్పుడు చేయకుండా ఆ కాగితాలను ఒక్కొక్కటిగా కొనేసి తమ్ముడు కంపెనీ మీద అధికారం సంపాదించారు. పాతికేళ్ళు పద్దులు రాసినవాడికి ఏ కాగితం విలువ ఎంతో తెలియదా!

పెట్టుబడిలో మూడో వంతు ఒకే ఒక్క స్త్రీల పత్రికలో ఒకే ఒక్క పూర్తి పేజీ ప్రకటనకు ఖర్చు పెట్టారు. అందరూ పిచ్చి అన్నారు, అమ్మకాలు పెరిగాయి. 1907లో న్యూయార్కులో ఇంకొక ఎత్తు వేశారు. బుధవారంనాడు కిరాణా కొట్టు ఆసామికి కన్నుగీటిన గృహిణికి ఒక చిన్న పెట్టె ఉచితం! మన ఊళ్ళో అయితే కొట్టూ ఉండేది కాదు, ఆసామీ ఉండేవాడు కాదు. అక్కడ మాత్రం ఊరంతా నవ్వుకుని పెట్టెలకు పెట్టెలు కొన్నారు. అదే ఏడాది జూలై 4న ఫ్యాక్టరీ తగలబడింది. మర్నాటికే కొత్తదానికి ప్రయత్నాలు మొదలుపెట్టి, దాదాపు ఆరు నెలలకు యంత్రాలు తిప్పించారు. నకళ్ళు పెరగడంతో అసలైనదానిపై ఈ సంతకం ఉంటుందని పెట్టె మీద తన చేవ్రాలు అచ్చు వేయించారు. జీవితమంతా అన్నగారి సంతకం కోసం కాగితాలు పెట్టిన చెయ్యి అది.

అక్కడే వచ్చింది అసలు తగాదా. కెల్లాగ్ అంటే లోకానికి తెలిసింది డాక్టరుగారు. తమ్ముడు తన కీర్తి మీద రేకులు అమ్ముకుంటున్నాడని ఆయన ఆగ్రహం. 1908లో తన ఆహార కంపెనీ పేరును కెల్లాగ్ ఫుడ్ కంపెనీగా మార్చారు. 1910లో విల్ దావా వేశారు, మరుసటి ఏడు రాజీ. 1916లో డాక్టరుగారు తిరిగి దావా వేశారు. 1917లో కింది కోర్టు, 1920 డిసెంబరులో మిషిగన్ సుప్రీంకోర్టు విల్ పక్షానే తీర్పు చెప్పాయి. కార్న్ ఫ్లేక్స్ మీద కెల్లాగ్ అన్న పేరు తమ్ముడిది అయింది. ఇంటిపేరు ఇద్దరిదీ, కోర్టు ఖర్చులు మాత్రం అన్నగారి మీద పడ్డాయి. అన్నదమ్ములకు ఆ తరువాత మాటలు పెద్దగా లేవు. ఇరుగుపొరుగున ఉన్న ఇళ్ళకు గోడ కట్టించుకుని, ఆ గోడ కోసమే జిల్లా కోర్టు చుట్టూ ఏళ్ళకేళ్ళు తిరిగిన అన్నదమ్ములను నేను ఉద్యోగరీత్యా ఎందరినో చూశాను. వారిలో ఏ ఒక్కరిదీ పూర్తిగా తప్పని చెప్పలేకపోయాను, ఇక్కడా చెప్పలేను.

కంపెనీ పెరుగుతూ పోయింది. ఆల్ బ్రాన్ 1916లో, రైస్ క్రిస్పీస్ 1928లో వచ్చాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆయన పెట్టినవన్నీ నిలవలేదు సుమండీ. 1912లో వచ్చిన క్రంబుల్స్ అనే గోధుమ పోగుల ఫలహారం, 1923లో వచ్చిన పెప్ అనే గోధుమ రేకులు దశాబ్దాలపాటు అమ్ముడుపోయి తరువాత కనుమరుగయ్యాయి. పెప్ అయితే 1940లలో రేడియోలో సూపర్‌మాన్ నాటకాల ఖర్చు భరించింది. ఇంటింటా తెలిసిన పేరు, ఇప్పుడు పాత వస్తువులు పోగుచేసేవారి అరల్లో ఖాళీ పెట్టె.

ఉద్యోగులుగా మనం గుర్తుంచుకోవలసిన ఏడాది 1930. ఆర్థికమాంద్యంలో ఊళ్ళో పనులు లేక జనం అల్లాడుతున్నారు. ఆ డిసెంబరులో ఆయన ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల షిఫ్టులు మూడింటిని ఆరు గంటల షిఫ్టులు నాలుగుగా మార్చారు. ఒక షిఫ్టు ఎక్కువైంది కనుక వందలమంది కొత్తవారికి పని దొరికింది. పాతవారు మరీ నష్టపోకుండా గంట కూలి పెంచారు. మిగిలిన కంపెనీలు ప్రకటనల ఖర్చు తగ్గించుకుంటుంటే ఈయన పెంచారు. ఆరు గంటల పని కొన్ని విభాగాలలో 1985 దాకా సాగింది. అది పోకూడదని చివరి వరకు పట్టుబట్టినవారిలో ఎక్కువమంది స్త్రీలు.

ఇంట్లో మాత్రం ఆయన సుఖపడలేదు. నవ్వని మనిషి, మెచ్చుకోవడం తెలియని మనిషి అని పేరు. మొదటి భార్య 1912లో పోయారు. రెండవ వివాహం 1918లో ఒక వైద్యురాలితో. తెలివైన రెండో కొడుకు, ఆల్ బ్రాన్‌కూ మైనపు కాగితం చుట్టే ప్యాకింగుకూ కారకుడైనవాడు, తన మాట వినలేదని 1925లో కంపెనీ నుంచి సాగనంపారు. ఆ కొడుకు కొడుకును చేరదీసి వారసుడిగా తయారుచేయబోయారు, అతడితోనూ పడలేదు. ఆ కుర్రవాడు 1938లో చికాగోలో ఆత్మహత్య చేసుకున్నాడు. అన్నగారి దగ్గర తాను పడ్డ బాధంతా తెలిసినవాడు తన పిల్లల దగ్గర అన్నగారిలాగే ప్రవర్తించారు. ఇది రాయడానికి నాకు మనసొప్పలేదు గాని, రాయకపోతే సగం మనిషినే చూపినవాడినవుతాను.

ఇంకొక మనవడు పసితనంలో మేడమీది కిటికీలోంచి పడి వికలాంగుడయ్యాడు. ఎంత డబ్బున్నా సరైన వైద్యం దొరకడం ఎంత కష్టమో ఆయనకు అప్పుడు అర్థమైంది. డబ్బు లేనివారి పిల్లల గతి ఏమిటన్న ఆలోచన ఆయనను వదలలేదు. 1930లో పిల్లల సంక్షేమం కోసం ఫౌండేషను స్థాపించి, తరువాతి ఏళ్ళలో దానికి 6 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా విలువైన వాటాలు, ఆస్తులు రాసిచ్చారు. ఆ ఫౌండేషను నేటికీ నడుస్తున్నది. చిన్నప్పుడు తాను ప్రేమించిన గుర్రాన్ని తండ్రి అమ్మేశాడన్న దిగులు తీర్చుకోవడానికా అన్నట్టు కాలిఫోర్నియాలోని పొమోనాలో అరబ్బీ గుర్రాల పెంపకం పెట్టారు. 1932లో దానిని కూడా విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

అన్నగారి శానిటేరియం మాంద్యం దెబ్బకు 1933లో రిసీవరు చేతికి పోయింది. 1942లో ఆ భవనాన్ని సైన్యం ఆసుపత్రికి కొనేసింది. ఆ ఏడాదే అన్నదమ్ములు చివరిసారి కూర్చుని గంటల తరబడి మాట్లాడుకున్నారు, అప్పుడూ పొసగలేదు. 1943లో, తొంభై ఒకటో ఏట, డాక్టరుగారు తమ్ముడికి ఏడు పేజీల ఉత్తరం రాయించారు. తాను అన్యాయం చేశానని ఒప్పుకుంటూ, వ్యాపారంలో తమ్ముడు సాధించినదానిని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం. ఆయన కార్యదర్శికి అది డాక్టరుగారి స్థాయికి తగినట్టు తోచలేదు. పోస్టు చేయకుండా ఉంచేశారు. డిసెంబరు 14న డాక్టరుగారు కాలం చేశారు. ఉత్తరం తమ్ముడికి చేరింది 1948లో.

ఈ సంగతి చదివిన రోజు నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. డ్రాఫ్టు ఎవరు రాసినా, ఫెయిర్ కాపీ ఎవరు కొట్టినా, అధికారి ఇక పంపమన్న కాగితం ఇంక మనది కాదు, అందుకోవలసినవాడిది. ఒక కార్యాలయంలో, పేరెందుకు, ఒక విధవరాలి ఫ్యామిలీ పెన్షను ఉత్తర్వు సంతకం అయిన తరువాత కూడా ఎవరి ఉద్దేశం వల్లనో పదకొండు నెలలు బీరువాలో ఉండిపోవడం నేనెరుగుదును. పదకొండు నెలల తరువాత ఆమెకు బకాయిలు అన్నీ ముట్టాయి. ఈయనకు ఉత్తరం ముట్టేనాటికి జవాబు రాయడానికి అన్న లేరు. పైగా విల్ అప్పటికి గ్లకోమాతో పూర్తిగా చూపు పోగొట్టుకుని ఉన్నారు. ఆ ఏడు పేజీలు వేరెవరో చదివి వినిపించి ఉండాలి.

చూపు పోయాక కుక్క సాయంతో నడిచేవారు. కారులో ఫ్యాక్టరీ దాకా వెళ్ళి, లోపలికి పోకుండా బయటనే కూర్చుని యంత్రాల చప్పుడు వింటూ ఉండేవారని చెబుతారు. 1951 అక్టోబరు 6న పోయారు. ఆయనకూ తొంభై ఒకటే.

మన దేశానికి ఆ కంపెనీ 1994లో వచ్చింది. మనవాళ్ళు అలవాటు ప్రకారం పొగలు కక్కే పాలు పోసేసరికి రేకులు మెత్తబడి జావ అయ్యాయి. వాటికంటె మన మరమరాలే నయమని అప్పట్లో మా సెక్షనులో ఏకగ్రీవ తీర్మానం. అలవాటు కావడానికి వారికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే వారి కర్మాగారం ఉంది. అమెరికాలోని మూల కంపెనీ 2023లో రెండుగా చీలింది. ఫలహారాల భాగానికి ఆయన పొడి అక్షరాలతోనే డబ్ల్యు.కె. కెల్లాగ్ అని పేరు పెట్టుకున్నారు. దానిని 2025లో ఇటలీ వారి ఫెరేరో కంపెనీ కొనుగోలు చేసింది.

మిషిగన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు అల్లుడుగారిని అడిగి బాటిల్ క్రీక్ చూసి వచ్చాను. డెట్రాయిట్ నుంచి కారులో రెండు గంటలు. ఓక్ హిల్ శ్మశానవాటికలో విల్ సమాధి మీద ఒక నీడగడియారం, దాని మీద పురుగును లాగుతున్న చిన్న పిట్ట బొమ్మ ఉన్నాయి. డాక్టరుగారి సమాధీ ఆ తోటలోనే. పోటీదారు పోస్ట్ గారిదీ అక్కడే, ఆయనది మాత్రం రాతి మందిరం. మేము వెళ్ళిన రోజు ఎండ లేదు కనుక గడియారంలో వేళ చూడలేకపోయాను.